తవ్వే యంత్రం తలుపు గడియ

మంచినీళ్ళ గొట్టాలు వేయటానికో, మురుగు కాలువ తీయటానికో ఇరుకు సందులలోకి ఒక చిన్న తవ్వే యంత్రం వస్తూ ఉంటుంది. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. చూడటమేమిటి, బడికి వేళ మించిపోతున్నా కదలకుండా దాని ముందు నిలబడి ఉంటారు! ఏనుగు తొండంలాంటి పొడుగాటి చెయ్యి, ఆ చేతి చివర పళ్ళున్న తొట్టి, చక్రాలకు బదులు రబ్బరు పట్టాలు. ఆ పట్టాలు నేలమీద కదలకుండా ఉండగానే పైభాగమంతా గిర్రున చుట్టూ తిరిగి, ఇటు తవ్విన మట్టిని అటు పోసి వస్తుంది.

ఇటువంటి యంత్రాలను కొందరు జేసీబీ అంటారు, కొందరు ప్రొక్లెయిను అంటారు. నిజానికి రెండూ కంపెనీల పేర్లే. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లీషువాడు 1945లో పెట్టిన కంపెనీకి ఆయన పేరులోని మొదటి అక్షరాలే పేరైనాయి. పొక్లెయిన్ అనేది ఫ్రాన్సు దేశపు కంపెనీ. నూనె ఒత్తిడితో పనిచేస్తూ చుట్టూ తిరిగే దాని యంత్రం 1961లో బయటికి వచ్చి దేశదేశాలకూ పోయింది. మనవాళ్ళ నోళ్ళలో పడి ఆ పేరు ప్రొక్లెయిను అయింది. ఇక సందులలో తిరిగే చిన్న రకానికి పుట్టిల్లు జపాను. అక్కడి ఊళ్ళలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పెద్ద యంత్రం దూరదు. యాన్మార్ అనే కంపెనీ 1968లోనూ, తకేవుచి అనే కంపెనీ 1971లోనూ చిన్నవాటిని తయారు చేశాయి. ఈనాడు 6 టన్నులకు మించని బరువు గలవాటిని చిన్న జాతి కింద లెక్క వేస్తారు.

నేను ఇప్పుడు చెప్పబోయేది ఆ తొండాన్ని గురించి కాదు, ఇంజనును గురించీ కాదు. డ్రైవరు కూర్చునే అద్దాల గది ఉన్నదే, దాన్ని క్యాబిను అంటారు, ఆ క్యాబిను తలుపుకు ఒక గడియ ఉంటుంది. అరచేతిలో ఇమిడే వస్తువు. యంత్రం ఖరీదు లక్షలలో ఉంటే దీని ఖరీదు దానిలో ఏ మూలకూ రాదు. అయినా అది చెడిపోయిన రోజున యంత్రం మొత్తానికి మాట వస్తుంది. (కొన్ని చిన్న యంత్రాలకు నాలుగు స్తంభాలూ పైకప్పూ తప్ప క్యాబినే ఉండదు. వాటి డ్రైవర్లకు ఈ బాధ లేదు, కాని ఎండా వానా వాళ్ళవే.)

మన ఇళ్ళ తలుపులకు బయట గొళ్ళెమూ, లోపల గడియా ఉంటాయి. రెంటినీ చేత్తో వేయాలి, చేత్తో తీయాలి. వేయటం మరిచిపోతే తలుపు ఊరికే మూసి ఉంటుంది, గాలి వస్తే తెరుచుకుంటుంది. యంత్రపు తలుపు అట్లా కాదు. దగ్గిరికి నెట్టితే చాలు, టక్కుమని తనంతట తానే పట్టుకుంటుంది. పిడి లాగితే మళ్ళీ వదులుతుంది.

వినటానికి తేలికగానే ఉన్నది. కాని ఈ గడియ చేయవలసినవి రెండు పనులు. ఆ రెండింటికీ ఒకదానికొకటి గిట్టదు. యంత్రం ఎంత ఊగినా, గుంటలో పడి లేచినా, తలుపు తనంతట తాను తెరుచుకోగూడదు: ఇది మొదటిది. లోపలి మనిషి బయటికి రావాలనుకున్న మరుక్షణంలో, ఒక్క చేత్తో, బలమేమీ పెట్టకుండా తెరుచుకోవాలి: ఇది రెండోది. గట్టిగా పట్టే గడియను చేయటం ఏ కమ్మరికైనా తెలుసు. తేలికగా వదిలే గడియను చేయటమూ కష్టం కాదు. రెండు గుణాలూ ఒకే ఇనుప ముక్కలో ఉండాలనేసరికే తెలివి కావలసివచ్చింది.

అంత పట్టుదల ఎందుకంటారా? చిన్న యంత్రం సన్నగా ఉంటుంది గనుకనే సందులో దూరుతుంది. ఆ సన్నదనం వల్లనే వాలు నేలమీదా, కందకం అంచునా ఒక పక్కకు ఒరిగే భయం కూడా ఉన్నది. ఒరుగుతున్నప్పుడు మనిషికి మొదట పుట్టే బుద్ధి, దూకెయ్యమని. అంతకంటె అపాయం లేదు. దూకినవాడు ఎటు దూకితే అటే యంత్రం వచ్చి మీద పడవచ్చు. బోల్తాపడినా నలగకుండా క్యాబిను చట్రాన్ని దిట్టంగా కట్టిన యంత్రాలలో, నడుముకు పటకా కట్టుకుని లోపలనే ఉండిపోయినవాడికి బతికి బయటపడే వీలు ఎక్కువ. అప్పుడు తలుపు ఊడి తెరుచుకోగూడదు. పడటం అయిపోయిన తరవాత, నూనె కారుతుంటే, పొగ వస్తుంటే, అదే తలుపు వెంటనే తెరుచుకోవాలి. తలుపు సాధారణంగా డ్రైవరుకు ఎడమచేతి వైపు ఉంటుంది. యంత్రం ఆ వైపుకే పడితే తలుపు అడుగున పోతుంది, కిటికీలోనుంచి రావాలి. అందుకని చాలా క్యాబినులలో అద్దం పగలగొట్టటానికి ఒక చిన్న సుత్తి కూడా తగిలించి ఉంచుతారు.

తలుపు గడియకూ ప్రాణానికీ ఉన్న ఈ సంబంధాన్ని లోకం ఆలస్యంగా తెలుసుకున్నది. హ్యూ డిహేవెన్ అనే అమెరికావాడు 1917లో విమానం నడపటం నేర్చుకుంటూ, మరొక విమానం ఢీకొని కూలిపోయి, ప్రాణాలతో మిగిలాడు. తాను ఎందుకు చావలేదు అన్న ప్రశ్న ఆయనను వదలలేదు. 1942 నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇదే పరిశోధన చేశాడు. తరవాత మోటారు కార్ల ప్రమాదాలను పరిశీలిస్తే ఒక సంగతి బయటపడ్డది: కారు గుద్దుకున్నప్పుడు తలుపులు ఊడి తెరుచుకుంటున్నాయి, లోపలివాళ్ళు రోడ్డు మీదికి విసిరివేయబడుతున్నారు; లోపల ఉండిపోయినవాళ్ళకంటె వాళ్ళకే ఎక్కువ హాని జరుగుతున్నది. ఆ తరవాత 1956 సంవత్సరపు కార్లకు ఫోర్డు కంపెనీవాళ్ళు మరింత పట్టు గల తలుపు గడియలు పెట్టి, ఆ సంగతిని చాటింపు వేసి మరీ అమ్మారు.

ఇప్పుడు గడియను విప్పి లోపల చూతాం. క్యాబిను ద్వారబంధానికి అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ బిగించి ఉంటుంది. అది కదలదు. తలుపు అంచులో, ఇనుప డబ్బీలో, కదిలే ముక్కలు రెండే రెండు ఉంటాయి. ఒకటి పంగలకర్రలాగా రెండు కొమ్ములున్న ముక్క. దీన్ని పంగ అందాం. ఇది మధ్యలో ఉన్న మేకు చుట్టూ తిరుగుతుంది. తలుపు తెరిచి ఉన్నప్పుడు పంగ నోరు ద్వారబంధం వైపు తెరుచుకుని ఉంటుంది. తలుపును నెట్టినప్పుడు కడ్డీ ఆ నోట్లోకి దూరి, లోపలి కొమ్మును తోస్తుంది. లోపలి కొమ్ము వెనక్కి పోతే బయటి కొమ్ము తిరిగివచ్చి కడ్డీ వెనక అడ్డుపడుతుంది. అనగా కడ్డీయే తలుపు నోరు మూయించి, తానే అందులో చిక్కుకుంటుందన్నమాట!

ఇంతే అయితే తలుపు లాగగానే పంగ మళ్ళీ తిరిగి వదిలేస్తుంది. అందుకే రెండో ముక్క. దాన్ని అడ్డుపుల్ల అందాం, అదీ ఉక్కే అయినా. పంగ అంచున ఒక పన్ను కోసి ఉంటుంది. స్ప్రింగు తోయగా అడ్డుపుల్ల ఆ పన్నుకు ఎదురుగా పడి, పంగను వెనక్కి తిరగనివ్వదు. ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. మీరు సైకిలు తొక్కటం ఆపి ఊరికే పోనిచ్చినప్పుడు వెనక చక్రంలో టిక్ టిక్ టిక్ అని చప్పుడవుతుందే, ఆ చప్పుడు చేసేవి కూడా ఇటువంటి అడ్డుపుల్లలే.

చాలా గడియలలో పంగకు పళ్ళు రెండు. తలుపును మెల్లిగా నెడితే మొదటి పన్ను దగ్గర ఒక టక్కు వినిపిస్తుంది. తలుపు పడింది గాని సందు ఉంటుంది, గడగడలాడుతుంది. ఇంకా నెడితే రెండో టక్కు. అప్పుడు అంచునున్న రబ్బరు పట్టీ నొక్కుకుపోయి తలుపు బిగిసిపోతుంది. మొదటి టక్కుతో ఊరుకోగూడదు. అది పొరపాటున తలుపు పూర్తిగా ఊడిపోకుండా పెట్టిన రెండో కాపలా మాత్రమే.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. తలుపును లోపలినుంచి ఎంత బలంగా తోస్తే అడ్డుపుల్ల అంత గట్టిగా నిలబడుతుంది. ఎట్లాగంటే, పంగ పన్ను అడ్డుపుల్లను దాని పొడుగు వెంట, సరిగ్గా అది తగిలించి ఉన్న మేకు వైపుకు నొక్కుతుంది. గోడకు నిటారుగా ఆనించిన కర్రను కొసన తోస్తే కర్ర తిరుగుతుందా? తిరగదు. పక్కనుంచి చిటికెన వేలితో తోస్తే తిరుగుతుంది. పిడి చేసే పని అదే: అడ్డుపుల్లను పక్కకు తప్పిస్తుంది. ఒక మనిషి భుజంతో కుమ్మినా రాని తలుపు, రెండు వేళ్ళతో పిడి లాగితే వస్తున్నదంటే రహస్యం ఇదే. గిట్టని రెండు పనులకూ రాజీ కుదిరింది ఇక్కడనే.

ఈ రాజీ ఎట్లా చెడుతుందో చెప్పటానికి ఒక ఉదాహరణ చాలు. 2024 వేసవిలో మా పేటలో నీళ్ళ గొట్టాలు మార్చారు. సందులోకి ఒక చిన్న యంత్రం వచ్చింది. దాన్ని నడిపే కుర్రవాడు పనిమంతుడే, పాత గొట్టానికి జానెడు దూరంలో తొట్టి ఆపగల నేర్పు ఉన్నది. కాని అతని క్యాబిను తలుపు పడటం లేదు. యంత్రం చుట్టూ తిరిగినప్పుడల్లా తలుపు బారున తెరుచుకుని, ఒకసారి కరెంటు స్తంభానికి కొట్టుకోబోయింది. అతను పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి తెచ్చి, లోపలి పిడికీ సీటు కిందికీ కలిపి నాలుగు చుట్లు చుట్టి ముడి వేశాడు. పక్కనే మనిషి లోతు కందకం. ఆ ముడి విప్పటానికి నాకు తెలిసి రెండు చేతులూ, కొంత తీరికా కావాలి.

కంట్రాక్టరు మనుషులంతా గడియ పోయిందనీ, కొత్తది పట్నంనుంచి తెప్పించాలనీ, అది వచ్చేదాకా ట్యూబుతో నడపవచ్చుననీ తేల్చారు. మధ్యాహ్నం మెకానిక్కు వచ్చాడు. అరవై దాటిన మనిషి, అందరూ మేస్త్రీ అంటారు. వచ్చీ రాగానే జేబులోనుంచి బ్లేడు తీసి ట్యూబును కోసి పారేశాడు.

"దీనితో తిప్పినన్నాళ్ళు తిప్పావు గాని, అబ్బీ, మళ్ళీ ఇట్లా కట్టినట్టు కనిపిస్తే నీ బండి నేను ముట్టుకోను," అన్నాడు.

ఆ తరవాత అతను గడియ వైపుకే చూడలేదు. ముందు తొట్టిని నేలకు ఆనించమన్నాడు. సీటు పక్కనున్న అడ్డుకర్రను పైకి లేపించాడు. అది లేపితే యంత్రపు చేతులు ఏ మీట తగిలినా కదలవు. ఇంజను ఆపించి, తాళంచెవి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. ఇవన్నీ అయినాకనే పానాలు బయటికి తీశాడు. తలుపు బాగుచేస్తుండగా ఎవరో మీట తగిలించటం వల్ల చేతులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారని అతని అభిప్రాయం. యంత్రాల దగ్గర ఇట్లాంటి భయం ఉండటం నేను పిరికితనం అనుకోను.

తలుపు తెరిచి పెట్టుకుని, స్క్రూడ్రైవరు మొనతో పంగను లోపలికి తిప్పాడు. టక్కు, టక్కు. రెండు చప్పుళ్ళూ స్పష్టంగా వినిపించాయి. బయటి పిడి లాగాడు. పంగ చెంగున వెనక్కి వచ్చింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ వచ్చింది.

"గడియకేం, దివ్యంగా ఉన్నది," అన్నాడు మేస్త్రీ.

"మరి తలుపు పడదేం?" అన్నాడు కుర్రవాడు.

"గడియ బాగున్నంత మాత్రాన పడుతుందా? అది పట్టుకోవలసిన కడ్డీ దాని నోటికి అందాలా వద్దా?"

ఇట్లా స్క్రూడ్రైవరుతో పరీక్షించేవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. పంగ మూసుకుని ఉండగా తలుపును వేయగూడదు. మూసిన నోరు పోయి కడ్డీకి కొట్టుకుంటుంది. పంగ అయినా వంగుతుంది, కడ్డీ అయినా వంగుతుంది. పిడి లాగి, నోరు తెరిపించి, అప్పుడు వేయాలి. మేస్త్రీ ఆ పని ఆలోచించకుండానే చేశాడు. మనం ఆలోచించి చేయాలి.

అతనికి సుద్దముక్క కావలసివచ్చింది. మా వీధి పిల్లల దగ్గర వాటికి కొదవలేదు. సుద్దను తడిపి కడ్డీకి దట్టంగా పూసి, తలుపును మెల్లిగా దగ్గిరికి తెచ్చి, మళ్ళీ తెరిచి చూపించాడు. కడ్డీ మీది సుద్ద నోటి మధ్యలో అంటలేదు. పై కొమ్ము పోవలసిన చోటుకు పోక, వచ్చి కడ్డీకి తగులుతున్నది. అనగా తలుపు రెండు మిల్లీమీటర్ల మేర కిందికి దిగిపోయింది. ఎందుకు దిగింది? మేస్త్రీ తలుపు అంచును రెండు చేతులతో పట్టి పైకెత్తి వదిలాడు. బందుల దగ్గర లటుక్కుమన్నది.

ఇదీ సంగతి. తలుపు బరువునంతా మోసేవి బందులు. రోజూ ఊగి ఊగి వాటి బోల్టులు కొంచెం వదులైనాయి. బందు రెండు రెక్కల మధ్యనుండే వాషరు అరిగి, కాగితంలాగా పలచబడ్డది. ఏడ్చేది గడియ, దెబ్బ తగిలింది బందుకు!

కుర్రవాడికి ఒక ఉపాయం తోచింది. కడ్డీని పట్టి ఉంచే బోల్టుల కన్నాలు కొంచెం పొడుగ్గా ఉన్నాయి గదా, బోల్టులు వదులు చేసి కడ్డీనే రెండు మిల్లీమీటర్లు కిందికి దించితే? దించవచ్చు. ఆ కన్నాలు అట్లా పొడుగ్గా పెట్టింది సవరించుకోవటానికే. కాని బందు అరుగుతూనే ఉంటుంది గనుక వచ్చే నెల మళ్ళీ దించాలి. ఆ పై నెల దించటానికి చోటుండదు. ముందు బందులు సరిచేసి, తలుపును దాని చోటికి ఎక్కించి, అప్పటికీ వెంట్రుకవాసి తేడా ఉంటే కడ్డీని జరపటం పద్ధతి. మేస్త్రీ అదే చేశాడు. తలుపు కింద ఒక చెక్క ముక్క పెట్టి బరువు ఆపి, బందు విప్పి, కొత్త వాషర్లు వేసి, బోల్టులు బిగించాడు. మళ్ళీ సుద్ద పూశాడు. ఈసారి అచ్చు నోటి మధ్యలో పడ్డది. తలుపు వేస్తే రెండు టక్కులూ వినిపించాయి. చుట్టూ చేరినవాళ్ళు భేష్ అన్నారు. కంట్రాక్టరు మనిషి బీడీ పారేసి, "ఇక కానివ్వండి," అన్నాడు.

మేస్త్రీ కానివ్వలేదు. క్యాబినులోకి ఎక్కి కూర్చుని తలుపు వేయమన్నాడు. వేశారు. లోపలి పిడి లాగాడు. తలుపు రాలేదు. మళ్ళీ లాగాడు. పిడి బొమ్మ పిడిలాగా వచ్చి పోతున్నది గాని తలుపు ఉలకలేదు. అద్దంలోనుంచి ఆయన మొహం మాకు కనిపిస్తున్నది. బయటినుంచి తెరిస్తే దిగాడు.

లోపలి పిడినుంచి అడ్డుపుల్లదాకా ఒక సన్నని చువ్వ ఉంటుంది. చువ్వ కొస జారిపోకుండా ఒక చిన్న ప్లాస్టిక్కు బిళ్ళ పట్టి ఉంచుతుంది. ఆ బిళ్ళ విరిగిపోయి ఎన్నాళ్ళయిందో! తలుపు అసలు పడటమే లేదు గనుక, లోపలినుంచి గడియ తీయవలసిన అవసరం ఇన్నాళ్ళూ రాలేదు; ఎవరికీ తెలియలేదు. మీరే ఆలోచించండి. బందులు బాగుచేసి, బయటినుంచి రెండుసార్లు వేసి తీసి, అంతా సరిగా ఉన్నదని పంపివేసి ఉంటే ఏమయ్యేది? అంతకుముందు ఆ తలుపు పడేది కాదు. ఇప్పుడు పడుతుంది, లోపలివాడికి తెరుచుకోదు. కందకం అంచున పనిచేసే మనిషికి మొదటిదానికంటె రెండోది ఎంత ప్రమాదం! చెడిపోయిన తలుపుకంటె సగం బాగుపడ్డ తలుపు చెడ్డదైపోయేది.

కొత్త బిళ్ళ వేసి చువ్వను తగిలించాడు. చువ్వ పొడుగును సవరించటం కూడా చూడదగిన పనే. చువ్వ మరీ బిగుతుగా ఉంటే అడ్డుపుల్ల పంటి మీద పూర్తిగా కూర్చోదు, యంత్రం అదిరినప్పుడు జారిపోతుంది. మరీ వదులైతే పిడి చివరిదాకా లాగినా అడ్డుపుల్ల తప్పుకోదు. పిడి కొంచెం ఊరికే కదిలి, ఆ తరవాతనే అడ్డుపుల్లను తాకాలి. తరవాత కుర్రవాణ్ణే లోపల కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని ఒంటిచేత్తో తెరవమన్నాడు. పదిసార్లు తెరిపించాడు. కుర్రవాడు మొదట నవ్వుతూ తెరిచాడు, తరవాత నవ్వకుండా తెరిచాడు.

ఇక నూనె వేయటం. నూనె ఎంత పోస్తే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. తవ్వే యంత్రం పుట్టి పెరిగేదే దుమ్ములో. పాత దుమ్ము మీద కొత్త నూనె పోస్తే రెండూ కలిసి ముద్దవుతాయి. ఆ ముద్దలో ఉన్న ఇసుక రేణువులు ఇనుము కదిలినప్పుడల్లా దాన్ని ఆకురాయిలాగా అరగదీస్తాయి. అందుచేత ముందు శుభ్రం చేయాలి. పాత పళ్ళ బ్రష్షుతో మట్టి దులిపి, కిరసనాయిలులో తడిపిన గుడ్డతో జిడ్డు తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు పంగ మేకుకూ అడ్డుపుల్ల మేకుకూ ఒక్కొక్క చుక్క పలచని నూనె వేయాలి. కడ్డీకీ, పంగ నోటికీ గోరంత గ్రీజు రాయాలి. పొంగి కారేదంతా తుడిచివేయాలి.

తాళం కన్నంలో మాత్రం గ్రీజు పెట్టగూడదు. అందులో సన్నని ఇత్తడి పిన్నులు, వాటి వెనక వెంట్రుకలాంటి స్ప్రింగులు ఉంటాయి. జిడ్డుకు దుమ్ము అంటుకుంటే అవి చోటు విడిచి కదలవు. అక్కడికి కావలసింది గ్రాఫైటు పొడి. గ్రాఫైటు మీకు కొత్తదేమీ కాదు, మీ పెన్సిలులో ఉన్నదే. పెన్సిలు ముల్లును గ్రాఫైటూ బంకమట్టీ కలిపి చేస్తారు. గ్రాఫైటు పొరలు పొరలుగా ఉండి ఒకదానిమీద ఒకటి జారుతాయి. కాగితం మీద గీత పడేదీ అందువల్లనే, తాళం సులువుగా తిరిగేదీ అందువల్లనే. పొడి దొరకనప్పుడు తాళంచెవి పళ్ళ మీద మెత్తని పెన్సిలుతో బాగా రుద్ది, కన్నంలో పెట్టి నాలుగుసార్లు తిప్పితే కొంతవరకు పని జరుగుతుంది. ఇంట్లో పెట్టె తాళం మీద ప్రయత్నించి చూడండి.

సాయంత్రం యంత్రాన్ని కడిగేటప్పుడు నీటిధారను సూటిగా గడియ మీదికి కొట్టగూడదు. ధార బలానికి నూనె కొట్టుకుపోతుంది, నీళ్ళు డబ్బీలోపల నిలుస్తాయి, తుప్పు పడుతుంది. తలుపును ధడాలున వేయటం కూడా మంచి అలవాటు కాదు. సరిగా ఉన్న తలుపుకు అంత బలం అవసరం లేదు. ధడాలుమంటే తప్ప పడటం లేదంటే, అది తలుపు చెప్పే మొర అన్నమాట. సుద్దముక్క తీయవలసిన వేళ వచ్చిందని అర్థం.

ఈ తలుపుకు మరొక గడియ కూడా ఉన్నదని చెప్పటం మరిచేట్టున్నాను. వేసవిలో గాలికోసం డ్రైవర్లు తలుపును పూర్తిగా వెనక్కి తిప్పి, క్యాబిను పక్కగోడకు ఆనించి పెడతారు. అక్కడ దాన్ని పట్టుకునే చిన్న గడియ ఒకటి ఉంటుంది. పైభాగం గిర్రున తిరిగేటప్పుడు తలుపు విసురుకు బయటికే పోవాలని చూస్తుంది. తాడుకు రాయి కట్టి గిరగిర తిప్పితే రాయి తాడును బయటికి లాగదూ, అట్లాగే. ఆ పట్టు వదిలితే తలుపు బయటికి చాచుకుని, పక్కన నడిచేవాడి తలకు తగులుతుంది. అందుచేత తెరిచి ఉంచితే పూర్తిగా తెరిచి, ఆ గడియ పట్టిందని చేత్తో లాగి చూసుకోవాలి. లేదా పూర్తిగా మూయాలి. సగం తెరిచిన తలుపుతో యంత్రం తిప్పగూడదు.

ఇప్పుడు మీరు ఒక గడియను చేసి చూడవచ్చు. ఇనుము అక్కరలేదు, పాత అట్టపెట్టె చాలు. అట్టమీద 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక చక్రం గీసి కత్తిరించండి. అంచునుంచి కేంద్రం వైపుకు పెన్సిలు పట్టేంత వెడల్పున, 2 సెంటీమీటర్ల లోతున ఒక గాడి తీయండి. గాడికి సరిగ్గా ఎదురుగా, అవతలి అంచున, రంపపు పన్నులాంటి చిన్న గంటు పెట్టండి: గాడి కిందికి ఉండేట్టు చక్రాన్ని పట్టుకుంటే, గంటుకు కుడివైపు నిటారుగా, ఎడమవైపు ఏటవాలుగా ఉండాలి. లోతు అర సెంటీమీటరు. చక్రాన్ని మరొక పెద్ద అట్టమీద పెట్టి, కేంద్రంలో గుండుపిన్ను గుచ్చి, తేలికగా తిరిగేట్టు చేయండి. కింద బల్ల పాడవకుండా ఒక పాత పుస్తకం పెట్టుకోండి.

అడ్డుపుల్లకు వేలెడు పొడుగు అట్టముక్క కావాలి. దాని ఎడమ కొసను పెద్ద అట్టకు పిన్నుతో తగిలించండి. కుడి కొస చక్రం నెత్తిమీద, గడియారంలో పన్నెండు ఉండే చోట, వాలాలి. దాన్ని ఒక రబ్బరుబ్యాండుతో కిందికి లాగి కట్టండి. పెద్ద అట్టమీద, చక్రం కేంద్రానికి 2 సెంటీమీటర్లు కిందుగా అడ్డంగా ఒక గీత గీయండి. ఆ గీతే తలుపు దారి.

గాడి నోరు గడియారంలో నాలుగున్నర వైపుకు ఉండేట్టు చక్రాన్ని తిప్పి, పెన్సిలును నిటారుగా పట్టుకుని, కుడివైపునుంచి ఆ గీత వెంట తీసుకురండి. పెన్సిలు గాడిలో దూరి చక్రాన్ని తిప్పుతుంది. గాడి ఆరు దగ్గరికి వచ్చేసరికి అడ్డుపుల్ల గంటులో పడుతుంది. పెన్సిలును వెనక్కి లాగండి, రాదు. అడ్డుపుల్లను గోటితో ఎత్తి లాగండి, వస్తుంది. మొదటి గంటుకు ఒక సెంటీమీటరు కుడిగా మరొక గంటు పెడితే రెండు టక్కులు వింటారు. రబ్బరుబ్యాండు తీసివేసి, అట్టను నిలబెట్టి, తలకిందులుగా తిప్పి కూడా ఒకసారి చూడండి. అడ్డుపుల్ల తన బరువుకు తానే జారిపోతుంది. యంత్రం బోల్తాపడ్డప్పుడు గడియలో స్ప్రింగు లేకపోతే జరిగేది అదే.